చేపముక్కకు కాపలా

ఎలియేజరు గారు అన్నం ముందు కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో మా బల్ల దగ్గర అందరికీ తెలుసు. నిదానంగా ముప్పై అంకెలు లెక్కపెడితే సరిగ్గా సరిపోయేది. ఆ ముప్పై అంకెల లోపు ఆయన పళ్ళెంలోంచి చేపముక్క మాయమైపోయేది.

సముద్రం దాటి వచ్చిన ఈ అరబ్బు దేశంలో, జుఫైర్ అనే చోట ఒక పెద్ద హోటల్ అడుగున, కార్లు నిలిపే చోటు పక్కన మా లాండ్రీ. దాన్ని ఆనుకునే స్టాఫ్ క్యాంటీన్. పైన ఇరవై అంతస్తుల్లో ఎవరెవరో పడుకున్న దుప్పట్లు మా దగ్గరికి దిగి, ఉతికి, ఆరి, ఇస్త్రీ అయి మళ్ళీ పైకి పోతాయి. మేం మాత్రం పైకి పోం. క్యాంటీన్‌లో బుధవారం మధ్యాహ్నం వేయించిన చేప పెడతారు. మనిషికి ఒక్కటే ముక్క. కోనసీమలో పుట్టినవాడికి వారానికి ఒక్క ముక్కంటే అది ఎంత అపురూపమో వేరే చెప్పక్కర్లేదు. ఎలియేజరు గారిదీ కోనసీమే, రాజోలు వైపు. యాభై దాటిన మనిషి. అలాంటి మనిషి కళ్ళు తెరిచి, ఖాళీ అయిన చోటు ఒక్కసారి చూసి, మారు మాట్లాడకుండా ఉత్త పప్పన్నం కలుపుకుని తినేవారు. ఆ తినడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ముక్క తీసినవాళ్ళ మీద కాదు, ఆయన మీద.

నా కోపానికి కారణం ఉంది. మా పేటలో ప్రతివాడికీ రెండు పేర్లుంటాయి. బడి రిజిస్టరులో ఒకటి, చర్చి రిజిస్టరులో ఒకటి. సర్టిఫికెట్లలోనూ పాస్‌పోర్టులోనూ నేను వెంకన్నని. నన్ను పెంచిన మా అమ్మమ్మ జీవమ్మకీ, బాప్తిస్మమిచ్చిన అయ్యగారికీ నతానియేలుని. ఎందుకలా అని మా ఊళ్ళో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కాగితం మీద మతం కనబడితే కొన్ని తలుపులు మూసుకుపోతాయని అందరికీ తెలిసిందే. అలా రెండు పేర్లతో పెరిగినవాడికి ఎక్కడ ఏ పేరు బయటకి తియ్యాలో ఎవరూ నేర్పక్కర్లేదు.

ఉమ్మ్ అల్ హస్సామ్‌లో హోటల్ వాళ్ళు ఇచ్చిన మా గదికి వచ్చిన మొదటిరోజు పక్క మంచం మీద కూర్చున్న రాజనర్సన్న, "పేరేంది తమ్మీ?" అని అడిగాడు. పాస్‌పోర్టు పేరు చెప్పాను. "ఎంకన్ననా! అరె, మా బాపు పేరు గూడ ఎంకన్ననే" అని నా పెట్టె తనే అందుకుని మంచం కిందికి తోశాడు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. ఈ దేశంలో పన్నెండేళ్ళుగా ఉంటున్నా ఇప్పటికీ "దుబాయి" అనే అంటాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు డ్యూటీ అయ్యాక వచ్చి గంజి కాచి తాగించింది ఆయనే. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు అందరికీ వేలితో నాకించి, నాకు మాత్రం చెంచాతో పెట్టింది ఆయనే. నవ్వించడం మొదలుపెడితే డ్రైయర్ల మోత కూడా వినబడేది కాదు. అంత మంచివాడు, ఎలియేజరు గారి దగ్గరికి వచ్చేసరికి మరో మనిషి అయిపోయేవాడు.

"పాస్టర్ సాబ్, నిజం జెప్పు. మతం మారినందుకు ఎన్ని బస్తాల బియ్యమిచ్చిండ్రు మీ తాతకు?" అని అడిగాడు ఒకరోజు, బల్ల చుట్టూ ఎనిమిదిమంది ఉండగా.

ఎలియేజరు గారు నోట్లో ముద్ద నమిలి మింగి, "ఇచ్చుంటే బాగుండేది తమ్ముడూ. మా తాత ఆకలితోనే పోయాడు" అన్నారు.

ముందు ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాజనర్సన్న నా భుజం మీద చరిచి, "మీ దిక్కు గీళ్ళు మస్తుగుంటరట గదా ఎంకన్నా?" అన్నాడు. "ఉంటారన్నా, మనకేం సంబంధం?" అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎంత సాఫీగా వచ్చిందో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నేనూ ప్రార్థన చేసేవాణ్ణే, కాదనను. నీళ్ళ గ్లాసు ఎత్తి తాగుతున్నట్టు నటిస్తూ లోపల రెండు మాటలు అనుకునేవాణ్ణి. దొంగతనంగా చేసినా ప్రార్థన ప్రార్థనే అని సర్దిచెప్పుకునేవాణ్ణి. శుక్రవారం ఎలియేజరు గారు తెల్లచొక్కా వేసుకుని, జిప్పు పెట్టిన బైబిలు చంకలో పెట్టుకుని తెలుగు సహవాసం ప్రార్థన కూటానికి బయల్దేరితే, నేను మంచం మీద పడుకుని ఫోన్ చూసుకునేవాణ్ణి. మెట్ల దగ్గర వినిపించే "హల్లెలూయా పోతున్నది, తొవ్వ ఇడువుండ్రి" అన్న కేకకి నవ్వు కలిపేవాణ్ణి.

లాండ్రీలో ఎలియేజరు గారిదీ నాదీ జత పని. పెద్ద మంచాల దుప్పట్లు ఒక్కడు మడవలేడు. ఆ చివర ఆయన, ఈ చివర నేను. అంచులు పట్టుకుని, విదిలించి, నిలువుగా మడిచి, ఒకరికొకరు ఎదురుగా నడిచి అంచు అందించుకోవాలి. రోజుకి మూడు నాలుగు వందల సార్లు ఆయన మొహం నా మొహానికి జానెడు దూరంలోకి వచ్చి వెనక్కి వెళ్ళేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"బాబాయ్, కళ్ళు తెరిచి చేసుకోవచ్చు కదా? దేవుడేమన్నా కాదంటాడా?"

"దేవుడు కాదనడు అబ్బాయ్." అంచు అందించి వెనక్కి నడుస్తూ అన్నారు. "కళ్ళు తెరిస్తే నా చూపు ముక్క మీదే ఉంటది. అప్పుడది ముక్కకి కాపలా కాయడం అవుద్ది గానీ ప్రార్థన అవ్వదు."

"పోతోంది కదా మరి, ముక్క!"

"పోతే పోద్ది. ఎవడో ఒకడు తింటన్నాడుగా."

ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు? కసిగా దుప్పటి విదిలించాను. ఆ అంచు ఆయన చేతిలోంచి జారిపోయింది.

తర్వాతి బుధవారం రాజనర్సన్న బల్ల కింద నా కాలు తొక్కి, "ఇయ్యాల నీ వంతు" అన్నాడు. నా ఎదురుగా ఎలియేజరు గారు కళ్ళు మూసుకున్నారు. అందరి చూపులూ నా చేతి మీద ఉన్నాయి. వద్దనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పాలంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో నాకు తెలియదు. చెయ్యి చాచాను. ముక్క వేడిగా ఉంది. పళ్ళెంలో పెట్టుకుంటే కళ్ళు తెరిచాక కనబడుతుందని మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నాను. ముల్లు చిగుట్లో గుచ్చుకుంది. ఆయన "ఆమెన్" అనేసరికి ఇంకా నములుతూనే ఉన్నాను. ప్రభువెవరో తనకు తెలియదని బొంకిన అపొస్తలుడు కోడి కూయగానే ఏడ్చాడని ఆదివారం బడిలో చదువుకున్నవాణ్ణే. నాకు ఏ కోడీ కూయలేదు. మా క్యాంటీన్‌కి వచ్చే కోళ్ళన్నీ కూరలోకి వచ్చేవే.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ పై వారం రాజనర్సన్నకి రీల్ చెయ్యాలన్న ఆలోచన వచ్చింది. ఎదురుగా కూర్చునేది నేనే కాబట్టి ఫోను నేను పట్టుకోవాలన్నాడు. పట్టుకున్నాను. ఎలియేజరు గారు చేతులు జోడించి కళ్ళు మూసుకోవడం, రాజనర్సన్న చెయ్యి పక్కనుంచి పాములా వచ్చి ముక్క ఎత్తుకుపోవడం, ఆయన కళ్ళు తెరిచి ఖాళీ పళ్ళెం చూడడం. చివర్లో ఎవరో పగలబడి నవ్వుతారు. ఆ నవ్వు నాదే. దానికి బాజాల చప్పుడు తగిలించి, కింద "ప్రార్థన విన్నడు, ముక్క తిన్నడు" అని రాసి, పేరు లేని ఖాతాలోంచి రాజనర్సన్న వదిలాడు.

రెండు రోజుల్లో జుఫైర్‌లో తెలుగువాళ్ళు పనిచేసే హోటళ్ళన్నీ తిరిగింది. నయీమ్‌లో కిరాణాకి వెళ్తే కొట్టువాడు కూడా నాకే చూపించి నవ్వాడు. మూడో రోజుకి సముద్రం దాటింది. ఎలియేజరు గారి అమ్మాయి కృప కాకినాడలో నర్సింగ్ చదువుతోంది. వాళ్ళ క్లాసు గ్రూపులోకి ఎవరో పంపారట, "ఇది మీ నాన్నే కదా?" అని.

నాలుగో రోజు పొద్దున్నే ఎలియేజరు గారిని హెచ్ఆర్ మేడం పైకి పిలిచింది. ఆవిడకి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు రాదు. మధ్యలో మాట అందించడానికి మా బండి నడిపే ఖుర్రం భాయ్‌ని తీసుకెళ్ళారు. ఖుర్రం భాయ్‌ది నిజామాబాద్. తెలుగు, ఉర్దూ, అరబ్బీ, కావలసినంత ఇంగ్లీషు, అన్నీ వచ్చు. వాళ్ళు లిఫ్ట్ ఎక్కుతుండగానే రాజనర్సన్న మొహంలో రక్తం దిగిపోయింది. ఒకరి మతాన్ని ఇంకొకరు వెక్కిరిస్తే ఈ దేశంలో ఊరుకోరు. హోటల్ వాళ్ళు ఖలాస్ అని పాస్‌పోర్టు, టికెట్టు చేతిలో పెట్టి పంపేస్తారు. అది వచ్చినరోజే సంతకం పెట్టించుకుని మరీ చెప్పారు.

"మనిద్దరి పేర్లు జెప్తడు రా" అన్నాడు గొంతు తగ్గించి. "జెప్పకుంట ఎందుకుంటడు? నేనైతే జెప్పనా?"

నా చేతులు తువ్వాళ్ళు మడుస్తున్నాయి, మనసు ఎయిర్‌పోర్టులో ఉంది. అరగంట తర్వాత ఎలియేజరు గారు దిగి వచ్చి, తన చివర దగ్గర నిలబడి, "పట్టుకో అబ్బాయ్" అని దుప్పటి అంచు అందించారు. మధ్యాహ్నం సామాన్ ఎక్కించే చోట ఖుర్రం భాయ్‌ని పట్టుకున్నాను.

"ఏం జరిగింది భాయ్ పైన?"

"మేడం వీడియో చూపించింది. ఎవరు తీసిండ్రు, ఎవరు ముక్క తీసుకుండ్రు, పేర్లు చెప్పు, నీకు ఏం కాదు అన్నది." ఖుర్రం భాయ్ సంచి మూతి కడుతూ చెప్పాడు. "ఆయన ఏమన్నడో ఎరికేనా? 'నేను కళ్ళు మూసుకుని ఉన్నానమ్మా, చూడలేదు' అన్నడు. రెండుసార్లు అడిగింది. రెండుసార్లు గదే మాట. నేను తర్జుమా చేస్తుంటె నాకు నాలుక తిరగలే."

ఖుర్రం భాయ్ ముడి బిగించి నా వైపు తిరిగాడు. మా గోడౌన్‌లో సబ్బుపొడి డబ్బాల పక్కన చాప పరుచుకుని రోజూ నమాజు చేసే మనిషి అతను.

"ఒకటి అడుగుత, చెప్పు. నేను నమాజ్ల ఉంటే నా చెప్పులు దాస్తరా మీరు?"

"లేదు భాయ్."

"ఎందుకు దాయరు? నా మీద ప్రేమనా? కాదు. ఈ ఊర్ల నా తరఫున మంది ఉన్నరు, గందుకు. ఆయన తరఫున ఎవ్వలున్నరు?"

ఆ ప్రశ్న నన్నే అడిగాడో, ఊరికే అన్నాడో ఇప్పటికీ తెలియదు. బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇంత జరిగాక రాజనర్సన్న మారాడనుకుంటారేమో. గండం గడిచాక మనిషికి ధైర్యం ఎక్కువవుతుంది. ఆ సాయంత్రం గదిలో కాళ్ళు చాపుకుని, "చూసినవా, భయపడ్డడు. మన పేర్లు జెప్పేటందుకు గుండె లేదు" అన్నాడు. ఆయన కాపాడితే వీడికి అది పిరికితనంలా కనబడింది. గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు. దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగాను. పిరికితనం ఎలా ఉంటుందో ఆ గదిలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

మర్నాడు మడతల దగ్గర ఎలియేజరు గారి చేతులు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా కదులుతున్నాయి. నాలుగు దుప్పట్ల తర్వాత ఆయనే అన్నారు.

"కృప ఫోను చేసింది అబ్బాయ్. ఏడ్చింది. హాస్టల్లో పిల్లలు అన్నం దగ్గర కూర్చుంటే 'కళ్ళు మూసుకో, ముక్క తీస్తాం' అంటన్నారంట. మానెయ్యమని అనలేదు. 'గదిలో చేసుకో నాన్నా, జనం ముందు వద్దు' అంది." అంచు అందిస్తూ ఆగారు. "నన్నంటే నాకేం లేదు. ఎన్నేళ్ళ నుంచి పడతన్నాను. పిల్లదాన్ని అంటే ఏం చెయ్యాలో తెలీటం లేదు."

ఆయన కళ్ళు నా కళ్ళకి జానెడు దూరంలో ఉన్నాయి. "బాబాయ్, ఆ వీడియో తీసింది నేనే" అని నాలుక చివరిదాకా వచ్చింది. "బాబాయ్..." అన్నాను. "చెప్పు" అన్నారు. "అంచు వంకరగా ఉంది" అన్నాను. ఆయన అంచు సరిచేశారు.

బుధవారం వచ్చింది. క్యాంటీన్‌లో మామూలు గోల. ఎలియేజరు గారు నా ఎదురుగా పళ్ళెం పెట్టుకుని కూర్చున్నారు. బల్ల చుట్టూ ఒక్కసారిగా మాటలు ఆగాయి. అందరూ ఆ ముప్పై అంకెల కోసం చూస్తున్నారు. ఆయన పళ్ళెం వంక చూశారు. చేతులు జోడించబోయి, మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. కళ్ళు మూసుకోలేదు. మెల్లగా అన్నంలో పప్పు పోసుకుని కలపడం మొదలుపెట్టారు.

"ఏమైంది పాస్టర్ సాబ్?" అన్నాడు రాజనర్సన్న. "ఇయ్యాల మీ దేవునికి సెలవా?"

బల్లంతా ఘొల్లుమంది. ఎలియేజరు గారు ముద్ద చేశారు గానీ నోట్లో పెట్టుకోలేదు. ఆ ముద్దని వేళ్ళతో అలా తిప్పుతూ ఉండిపోయారు. ఇన్ని నెలలు ముక్క పోయినా దిగని తల అప్పుడు దిగింది. ఆయన్ని ఆపమని కదా నేను కోరుకున్నది? కళ్ళు తెరిచి తినమని కదా? తింటున్నారు. నేను గెలిచాను. అంత దరిద్రపు గెలుపు పగవాడిక్కూడా వద్దు.

నీళ్ళ గ్లాసు అందుకోబోయాను, అలవాటుగా. చెయ్యి మధ్యలో ఆగింది. గ్లాసు పక్కకి జరిపాను. రెండు చేతులూ జోడించి బల్ల మీద పెట్టాను. కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు మూసుకుంటే క్యాంటీన్ ఎంత పెద్దగా వినబడుతుందో నాకు అప్పుడే తెలిసింది. రాజనర్సన్న కుర్చీ కిర్రుమనడం. ఎవరో "అరె" అనడం. పక్కవాడు నమలడం ఆపడం. చొక్కా చెయ్యి బల్లకి రాసుకున్న చప్పుడు, పళ్ళెం అంచుకి వేలు తగిలిన చప్పుడు. అన్నీ, ఒక్కొక్కటే, ఎవరివి వాళ్ళవిగా వినబడుతున్నాయి. అప్పుడు అర్థమైంది. అంటే ఈయనకీ ఇలాగే వినబడింది. నేను ముక్క కుక్కుకున్న రోజు నా నమలడం విన్నారు. ఫోను ఎత్తిన రోజు నా నవ్వు విన్నారు. చూడలేదని మేడంకి చెప్పింది నిజమే. వినలేదని మాత్రం చెప్పలేదు. అంతా తెలిసే ప్రతి రోజూ దుప్పటి అంచు నా చేతికి అందించారు.

పైకే అన్నాను, మా అమ్మమ్మ నేర్పినట్టు. "తండ్రీ, ఈ అన్నం ఇచ్చినందుకు స్తోత్రం. ఈ బల్ల దగ్గర ఉన్నవాళ్ళందరినీ, ఇంటి దగ్గర వాళ్ళ పిల్లల్నీ కాయి. నేను చేసిన పని నీకు తెలుసు. ఎలియేజరు బాబాయికి కూడా తెలుసు. నన్ను క్షమించు. ఆమెన్."

కళ్ళు తెరిచాను. నా చేపముక్క లేదు.

అది రాజనర్సన్న చేతిలో ఉంది. తినలేదు, నవ్వలేదు. ముక్క పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"ఏంది రా ఇది? ఎక్కిరిస్తున్నవా ఆయనను?" అన్నాడు.

"లేదన్నా. నేనూ అదే. నా పేరు నతానియేలు."

"మరి ఎంకన్న?"

"అదీ నా పేరే. కాగితాల మీద."

రాజనర్సన్న మొహం చూశాను. కోపం ఊహించాను, వెటకారం ఊహించాను. అక్కడున్నది దెబ్బతిన్న మనిషి మొహం.

"ఏడాది సంది పక్క మంచంల పండుతున్నవ్. గంజి తాపిన. బాపు పేరని... నాకు జెప్పలె నువ్వు." తర్వాత ఆ బాధే విషమై వచ్చింది. "గట్లనా! నీకెన్ని బస్తాలు ముట్టినయ్ రా? మీ తాతకిచ్చిండ్రా బియ్యం, మీ అవ్వకిచ్చిండ్రా?"

నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

"మా అమ్మమ్మకిచ్చారు. ఏమిచ్చారో చెప్తాను, విను" అన్నాను. "మా అమ్మమ్మ పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఎవరింటికెళ్ళినా వాకిట్లో నిలబడింది. కూలికెళ్తే గట్టు మీద నిలబడింది. కొట్టుకెళ్తే వానలో రోడ్డు మీద నిలబడింది. మా పేటలో తాటాకు పాకలో ప్రార్థన పెడితే చూద్దామని వెళ్ళి, అక్కడా గుమ్మంలో నిలబడింది. పంతులమ్మ గారు లేచొచ్చి, చాప పరిచి, 'కూర్చో అమ్మా' అంది. అని, ఆవిడ కూడా పక్కనే కూర్చుంది. అంతేనన్నా మాకు ముట్టింది. బియ్యం కాదు. 'కూర్చో' అన్న మాట. చచ్చిపోయే ముందురోజు కూడా మా అమ్మమ్మ నాకు అదే చెప్పింది, పట్టాభిషేకం జరిగినట్టు చెప్పింది. అలాంటిది నేను ఏడాదిగా ఈ బల్ల దగ్గర దాచుకుని తిరిగాను. నువ్వు నన్ను ఏమన్నా అను, పడతాను. ఆయన పళ్ళెం జోలికి మాత్రం ఇక రావద్దు. ముందు నేను చేసిన దానికే నాకు నిద్ర పట్టట్లేదు."

వడ్డించే ముఖేష్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంకేం మాట్లాడాలో, ఎక్కడికి పోవాలో తెలియలేదు. గదిలో ఆ పక్క మంచం, ఆ తొక్కు చెంచా, ఆ నవ్వులు ఇక నావి కావని మాత్రం తెలిసింది.

"కూర్చో, నతానియేలూ" అన్నారు ఎలియేజరు గారు.

కూర్చున్నాను.

"నీకు తెలుసా బాబాయ్, నేను..."

"వచ్చిన వారం నుంచీ తెలుసు. ఇస్త్రీ రోలర్ మోతలో ఎవరికీ వినపడదనుకుని ఆరాధన పాటలు కూనిరాగం తీస్తావు. నీకెదురుగా నిలబడేవాణ్ణి, నాకు వినపడదా?" అన్నారు. "నువ్వే చెప్పాలని ఊరుకున్నాను."

నేను నాలుగు వందల దుప్పట్లు మడిచినా పట్టని చెమట అప్పుడు పట్టింది. ఆయన చేతిలో ముద్ద ఇంకా అలాగే ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టి, చెయ్యి అంచుకి తుడుచుకున్నారు. కాస్త ఆలోచించారు. కృప గుర్తొచ్చిందేమో, పెదవులు బిగించారు. తర్వాత చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు.

రాజనర్సన్న చేతిలో నా ముక్క చల్లారిపోతోంది. అది తింటాడో, తిరిగి ఇస్తాడో, నా మొహాన కొడతాడో తెలియదు. ఆ క్షణంలో నాకు దాని గొడవే లేదు. నేను కుడిచెయ్యి చాచి, తాకకుండా, ఎలియేజరు గారి పళ్ళెం మీద గొడుగులా పట్టుకుని కూర్చున్నాను. కళ్ళు బాగా తెరుచుకుని కూర్చున్నాను. బల్ల చుట్టూ ఒక్కొక్కరి మొహం చూశాను. పప్పు ఆవిరి అరచేతికి వెచ్చగా తగులుతోంది.

ముప్పై అంకెలు అయిపోయాయి. ఆయన ఇంకా కళ్ళు తెరవలేదు. నలభై అయ్యాయి. నేను చెయ్యి తియ్యలేదు.